వదిన మూల

చీటీ మీద నాలుగు పేర్లున్నాయి. ఐదో పేరు రాయవలసిన చోట పెన్ను ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి, ఆఖరికి ఒక చుక్క మాత్రం పెట్టింది. రొట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్‌ని కిందటి వారం మనం వదిలిపెట్టింది ఆ చుక్క దగ్గరే.

చుక్కకి కారణం వ్యాను పిల్ల. ఫ్యాక్టరీ సరుకు వ్యాను నడుపుతుంది కాబట్టి ఆ పేరు. తాడిలా పొడుగు. కాలేజీలో ఆట మొత్తం తన చుట్టూ తిప్పుకున్న మనిషి. అలాంటి పిల్ల వచ్చి చేరిందని అందరూ సంబరపడితే, వచ్చాక ఆడిన రెండు మ్యాచ్‌లూ జట్టు ఓడింది. కెప్టెన్ వేసిన బంతి ఆ పిల్ల చేతికి తగులుతుంది, జారుతుంది, గీత దాటి పోతుంది. శనివారం రేవు జట్టు మీద గెలిస్తే ఫైనల్. ఓడితే పదకొండేళ్ళలో మొదటిసారి ఫైనల్‌ని గ్యాలరీలో కూర్చుని చూడాలి. "ఆ పిల్లని ఆడిద్దామా, కూర్చోబెడదామా, శుక్రవారం పొద్దుటికల్లా చెప్పు" అని కోచ్ చీటీ చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల ఎవరి స్థానంలో వచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. కెప్టెన్ వదిన స్థానంలో. ఆవిడ కోర్టుకి ఎడమ మూల నిలబడి, ఎడమ చేత్తో బంతి విసిరితే బుట్ట వలకి కూడా తెలియకుండా లోపలికి దిగేది. అసలు ఆవిడని వదిన చేసుకున్నది కూడా కెప్టెనే. ఇంత మంచి షూటర్ ఎవరినో పెళ్ళి చేసుకుని ఏ ఊరో వెళ్ళిపోతుందేమోనని బెంగపెట్టుకుని, సొంత అన్నయ్యని చూపించి సంబంధం కుదిర్చింది. "జట్టు కోసం నన్ను బలిచ్చావు కదే" అని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. వదిన ఆ మాటని ఏనాడూ ఖండించలేదు. కిందటి నెల మోకాలి చిప్ప జరిగి, వదిన ఆటా మానేసింది, ప్యాకింగ్ పనీ మానేసింది. ఇప్పుడు గేటు పక్క కిటికీలో కూర్చుని లోడు చీటీలు రాస్తోంది.

గురువారం ఉదయం ఏడున్నరకి చుక్క పెట్టిన చీటీ కెప్టెన్ ఏప్రాన్ జేబులో ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ప్యాకింగ్ హాల్లో పని వరస ఇలా ఉంటుంది. ఓవెన్ నుంచి వచ్చిన రొట్టె చల్లారి, కత్తి మిషన్లో ముక్కలై, బెల్టు మీద కెప్టెన్ దగ్గరికి వస్తుంది. ఆమె దాన్ని కవరులోకి దూర్చి, మూతి మెలిపెట్టి, క్లిప్పు తగిలించి, రెండు బారల దూరంలో ట్రేలు సర్దే మనిషికి విసురుతుంది. చూసి విసిరే తీరిక లేదు, అప్పటికే తర్వాతి రొట్టె వచ్చేసి ఉంటుంది. చెయ్యి విసురుతుంది, కళ్ళు బెల్టు మీద ఉంటాయి.

కోర్టులో ఆట కూడా ఇదే. ఓవెన్ దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడి కనుబొమ్మలు సగం కాల్చుకున్న పెద్దాయన ఆ జట్టుకి కోచ్. ఆయన నేర్పిన ఆటకి పేరు రొట్టె ఆట. బంతి ఎవరి చేతిలోనూ నిలవకూడదు, నిలిస్తే మాడిపోతుంది. చేయి మారి చేయి మారి చివరికి ఎవరు బుట్టలో వెయ్యాలో ఆ మనిషి పేరు ట్రే. పదకొండేళ్ళు ట్రే అంటే వదిన. లీగులో మిగతా జట్ల వాళ్ళకి బూట్లు బాగుంటాయి, బస్సు ఉంటుంది, నీళ్ళు అందించడానికి మనిషి ఉంటాడు. మన వాళ్ళకి ఈ ఆట ఉంది. దాన్ని తలుచుకుంటే చాలు, కెప్టెన్ నడుము దానంతట అదే నిటారుగా అవుతుంది.

వదిన మానేశాక ట్రేల దగ్గరికి లేబులమ్మ మారింది. ఇదివరకు లేబుళ్ళు అంటించేది. జట్టులో కూడా ఉంది, బుట్ట కింద నిలబడి ఎదుటి వాళ్ళని ఒళ్ళు అడ్డం పెట్టి ఆపడం ఆవిడ పని. ఆ ఒంటికి ఆ పని ఏమంత కష్టం కాదు. కానీ ట్రేల దగ్గర మాత్రం ఆవిడ చేతిలోంచి రోజుకి నాలుగైదు రొట్టెలు నేలపాలవుతున్నాయి.

దబ్బున చప్పుడైంది.

"మళ్ళీ పడిందా?" అంది కెప్టెన్ తల తిప్పకుండానే.

"పడింది. నేనేం చెయ్యను, పిలిస్తే రాదు, పట్టుకుంటే ఉండదు. అచ్చం మా ఆయనలాగే ఉంది" అంది లేబులమ్మ.

వ్యాను పిల్ల లోడు కోసం ఎదురుచూస్తూ బోర్లించిన ట్రే మీద కూర్చుని టీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టింది. లేచి వెళ్ళి పడిన రొట్టె తీసింది. అది పడిన చోటు చూసింది, లేబులమ్మ చేతుల వంక చూసింది, కెప్టెన్ భుజం వంక చూసింది.

"అక్కా, పొద్దుట్నించీ ఇది నాలుగోది. నాలుగూ ఒకే పక్క పడ్డాయి."

"నీ లోడు నువ్వు చూసుకో పిల్లా. కింద పడ్డవాటికి కాపలా కాయమని నీకెవరూ చెప్పలేదు."

"నా చేతిలోంచి జారిన బంతులు కూడా ఆ పక్కే పోయాయక్కా."

కెప్టెన్ చేతులు ఆగలేదు కానీ ఒక క్లిప్పు వంకరగా పడింది. "ఏమంటావ్?"

"మీరు నాకు బంతి వెయ్యట్లేదక్కా" అంది వ్యాను పిల్ల. గొంతులో కోపం లేదు, పంచరైన టైరు చూపించినట్టు చెప్పింది. "ఆవిడకి వేస్తున్నారు." గడ్డంతో గేటు వైపు చూపించింది. కిటికీలో వదిన తల వంచుకుని చీటీ రాసుకుంటోంది.

లేబులమ్మ రెండు చేతులతో ఒక రొట్టెని బిడ్డలా గుండెకి అదుముకుని నిలబడిపోయింది.

"నువ్వొచ్చి నెల కాలేదు" అంది కెప్టెన్. ముఖం ఎర్రబడింది. "పదకొండేళ్ళుగా బంతి నడిపిస్తున్నాను నేను. ఈ లీగులో నా పాసు పట్టుకోలేని మనిషి ఎవరో ఒక్కరిని చూపించు."

"నేను. లేబులక్క కూడా."

"మధ్యలో నన్నెందుకు లాగుతావమ్మా" అంది లేబులమ్మ. అంటూనే బాగా వినపడే చోటికి జరిగింది.

"ఆవిడది ఎడమచేతి వాటం" అంది వ్యాను పిల్ల. "రొట్టైనా బంతైనా మీరు ఎడమ చేతికే వేశారు, అలవాటైపోయింది. మాది కుడిచేతి వాటం. నా ఎడమ పక్కకొచ్చిన బంతిని కుడి పక్కకి తెచ్చుకునే లోపల ఎదుటి మనిషి మీదికొచ్చేస్తుంది. కంగారులో జారుతుంది. నా చేతులకేం జబ్బు లేదక్కా. ఇరుకు సందులో లోడు వ్యాను రివర్స్ చేసే చేతులివి."

అప్పుడు ఓవెన్ వైపు నుంచి పెద్దాయన వచ్చి, ఎర్ర బటను నొక్కి బెల్టు ఆపాడు. కరెంటు పోతే తప్ప ఆగని బెల్టు అది.

"మాటలెందుకు, తేలిపోతుంది కదా" అన్నాడు. "పది రొట్టెలు. అమ్మాయ్, నువ్వు ట్రేల దగ్గర నిలబడు. కుడి పక్క ఒక ట్రే, ఎడమ పక్క ఒక ట్రే. ఏ చేతికొస్తే ఆ పక్క ట్రేలో వెయ్యి. అడుగు కదిలావంటే ఒప్పుకోను. నువ్వు రోజూ ఎలా విసురుతావో అలాగే విసురు కెప్టెన్. అటు చూడకు."

కెప్టెన్ ఏప్రాన్ సర్దుకుంది. పదకొండేళ్ళ చెయ్యి తనది, నెల కూడా నిండని పిల్ల దానికి వంక పెడుతోంది. మొదటి రొట్టె విసిరింది. రెండోది, మూడోది. వెనక ట్రేలో మెత్తగా పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఏ పక్కో తెలియడం లేదు. ఆరోది విసిరేటప్పుడు, అబద్ధం ఎందుకు, కుడి పక్కకి పంపాలని గట్టిగా అనుకుంది. పదోది విసిరి వెనక్కి తిరిగింది.

ఎడమ ట్రేలో పది రొట్టెలు బుద్ధిగా పడుకుని ఉన్నాయి. కుడి ట్రేలో నిన్నటి తుక్కు కాస్త ఉంది.

ఎవరూ నవ్వలేదు. లేబులమ్మ మాత్రం తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. నెల రోజులుగా తిడుతున్న చేతులకి క్షమాపణ చెప్పుకుంటున్నట్టుంది.

"నేనూ చూస్తూనే ఉన్నాను కదా రెండు మ్యాచ్‌లూ" అన్నాడు పెద్దాయన, కాలిన కనుబొమ్మ గోక్కుంటూ. "పిల్ల చేతులే చూశాను. నీ చెయ్యి చూడాలని తోచలేదు. ఓవెన్ బాగుందనుకున్నవాడు పిండినే తిడతాడు."

చేతికర్ర టకటకమంది. వదిన వచ్చింది. ఎంతసేపటి నుంచి తలుపు దగ్గర నిలబడిందో గాని, రెండు ట్రేలనీ చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా వదినా?" అంది కెప్టెన్.

"మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

వదిన బోర్లించిన ట్రే మీద కూర్చుని, మోకాలు చాపుకుని, అప్పుడంది: "నువ్వు ఆ మూలకి బంతి వేసినప్పుడల్లా అక్కడ నేనున్నట్టే అనిపించేదే. నేను లేని లోటు జట్టుకి తెలుస్తోంది కదా అని లోపల్లోపల బాగుండేది. రెండు మ్యాచ్‌లు బాగుంది. మూడోది కూడా అలాగే పోతే బాగుండదు. ఇవ్వాళ మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. ఈ పిల్ల నాకంటే ముందే లేచింది."

వ్యాను పిల్ల తల దించుకుంది. వదిన కర్రతో ఆ పిల్ల బూటుని తట్టింది. "తల ఎందుకు దించుతావు. తప్పు పట్టింది నువ్వు, దించుకోవలసింది మేము. ఇంకో మాట. ఆ మూల నాది. నీకు పనికిరాదు, వదిలెయ్. నీ చోటు కుడి పక్క ఎక్కడో ఉంటుంది, వెతుక్కో. బంతి అక్కడికి వస్తుంది. ఏమే, రాదూ?"

చివరి మాట కెప్టెన్‌కి. కెప్టెన్ జేబులోంచి చీటీ తీసింది. చుక్క మీదే మొదలుపెట్టి, వ్యాను పిల్ల అసలు పేరు పూర్తిగా, పొల్లు పోకుండా రాసింది. రాసి, చీటీ పెద్దాయన చేతిలో పెట్టి, ఆ పిల్ల వైపు తిరిగింది.

"నా తప్పు నలుగురిలో చూపించావు. మంచి పని చేశావు. ఇప్పుడు నీది చెప్పనా?"

"చెప్పండక్కా."

"నీకు అందిన బంతి మళ్ళీ బయటికి రాదు. వ్యాన్లోకి లోడు ఎక్కించినట్టు తీసుకుని తలుపేసుకుంటావు. రెండుసార్లు నేలకేసి కొట్టి, చుట్టూ చూసుకుని, తీరిగ్గా విసురుతావు. కాలేజీలో నీకోసం అందరూ ఆగేవాళ్ళేమో. ఇక్కడ ఎవరూ ఆగరు. రొట్టె మాడిపోతుంది."

వ్యాను పిల్ల వాదించబోయి మానుకుని, "నిజమే" అంది. ఆ ఒక్క మాట తేలిగ్గా ఒప్పుకున్నందుకు కెప్టెన్‌కి ఆ పిల్ల మీద గర్వం లాంటిది కలిగింది. ఇంకా తనది కాని మనిషి మీద గర్వపడడం కాస్త తొందరే. అయినా కలిగింది.

ఆ రోజూ మర్నాడూ కెప్టెన్ తన చేతికి కుడి పక్క ఒకటుందని నేర్పింది. ప్యాకింగ్ హాల్లో లేబులమ్మ కుడి భుజానికి ఎర్ర గుడ్డ కట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళ అలవాటు ఒక్క గుడ్డకి లొంగుతుందా, గురువారం పదిహేడు రొట్టెలు నేలపాలయ్యాయి. అవన్నీ పెద్దాయన కోళ్ళకి వెళ్ళాయి. శుక్రవారానికి కోళ్ళు లేచి నిలబడలేకపోతున్నాయని ఆయన రిపోర్టు. సాయంత్రం కోర్టులో వ్యాను పిల్ల తన చోటు వెతుక్కుంది. కుడి పక్క, మూలకి రెండడుగుల ముందు, నేల మీద పగులు ఒకటుంది, దాని మీద. ఇంట్లో కెప్టెన్ భర్తకి టీ గ్లాసు ఎప్పుడూ లేనిది కుడి పక్కనుంచి అందించింది. ఆయన గ్లాసు పట్టుకుని, "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగాడు.

శనివారం మధ్యాహ్నం గ్యాలరీ సగం రొట్టెల ఫ్యాక్టరీ, సగం రేవు. రేవు జట్టులో ఒక్కొక్కరూ క్రేనుకి చుట్టాల్లా ఉన్నారు. వదిన ముందు వరసలో, మెట్ల పక్కన కూర్చుంది, కాలు చాపుకోవడానికి వీలుగా.

మొదటి నిమిషంలోనే కెప్టెన్ చెయ్యి పాత ఇంటికి వెళ్ళింది. బంతి ఎడమ మూలకి ఎగిరింది. అక్కడ మనిషి లేదు. గీత దాటి, నేరుగా వదిన ఒళ్ళో పడింది. గ్యాలరీ గొల్లుమంది. వదిన బంతిని చేతిలో తిప్పి చూసి, కెప్టెన్‌కి తిరిగి విసిరింది. గట్టిగా, కుడి పక్కకి.

ఆ తర్వాత చెయ్యి దారి తప్పలేదు. బంతి కెప్టెన్ దగ్గర బయల్దేరి, చేయి మారి, చేయి మారి, పగులు మీద నిలబడిన పిల్ల కుడి తుంటి పక్కకి, జేబులోకి వచ్చినట్టు వచ్చేది. నేలకి కొట్టే పని లేదు, వెతుక్కునే పని లేదు. పట్టుకోవడం, విసరడం ఒకటే కదలిక. మొదటిది పడింది. రెండోది పడింది. నాలుగోది పడేసరికి రేవు కోచ్ లేచి నిలబడి తన వాళ్ళని ఆ పిల్ల చుట్టూ చేరమని కేకలేశాడు. ఐదోది కూడా పడింది. ఆ పిల్ల ఒక్కసారి కూడా గ్యాలరీ వంక చూడలేదు, పరుగెత్తి తన చోటికి వెళ్ళింది. కెప్టెన్ అది గమనించింది. పదకొండేళ్ళుగా తను ప్రాణంగా చూసుకున్న ఆట ఇది. ఇన్నాళ్ళూ ఇది వదిన ఆట అనుకుంది. కాదు. మనిషి మారితే పక్క మార్చుకుని, అదే నడక నడుస్తోంది. ఎవరి చేతికైనా ఒదిగే ఆట తమదని ఆ మధ్యాహ్నమే ఆమెకి తెలిసింది.

రేవు వాళ్ళు మాత్రం ఊరుకునే రకం కాదు. ఇరవై సెకన్లు మిగిలేసరికి వాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. బంతి కెప్టెన్ దగ్గరుంది.

"ట్రే" అని అరిచింది కెప్టెన్.

బంతి రెండు చేతులు మారి, మళ్ళీ కెప్టెన్ దగ్గరికొచ్చి, అటు చూడని చేతి నుంచి కుడి పక్కకి వెళ్ళింది. జేబులో పడింది. రేవు జట్టువాళ్ళు ఇద్దరు ఒకేసారి ఆ పిల్ల మీదికి ఎగిరారు. వాళ్ళ చేతుల వెనక బుట్ట కనబడడం లేదు. ఇప్పుడు తలుపేసుకుంటుంది, అనుకుంది కెప్టెన్. నేలకి కొడుతుంది, చుట్టూ చూస్తుంది, అయిపోతుంది.

తలుపు పడలేదు. బంతి ఆ పిల్ల చేతిలో ఆగకుండానే, ఎగిరిన ఇద్దరి చంకల కిందనుంచి, బుట్ట కింద ఒంటరిగా ఉన్న లేబులమ్మ దగ్గరికి వచ్చింది. కుడి చేతికి. నెల రోజులుగా రొట్టెలు జారవిడిచిన చెయ్యి దాన్ని పట్టుకుంది, పైకి లేపింది, బోర్డుకి ఆనించి బుట్టలో పెట్టింది, అలమారులో డబ్బా పెట్టినంత నెమ్మదిగా.

హారను మోగింది. ఒక్క పాయింటు తేడాతో రొట్టెల ఫ్యాక్టరీ ఫైనల్ చేరింది.

లేబులమ్మని ఎత్తుకోవాలని నలుగురు ప్రయత్నించి విరమించుకున్నారు. వ్యాను పిల్ల చెమటలు కక్కుతూ కెప్టెన్ దగ్గరికొచ్చింది. "అక్కా, తలుపు వెయ్యలేదు, చూశారా?"

"చూశాను. నేనే కాదు, ఊరంతా చూసింది" అంది కెప్టెన్. టవలు తీసి ఆ పిల్ల నెత్తిన వేసి తుడిచేసింది, చిన్నపిల్లకి తల తుడిచినట్టు.

చేతికర్ర టకటకమంటూ వదిన మెట్లు దిగి వచ్చింది. ముందు లేబులమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. తర్వాత వ్యాను పిల్లని పైనుంచి కిందకి చూసి, "బాగా ఆడావు" అంది. వదిన నోటివెంట ఆ మాట పదకొండేళ్ళలో మూడోసారి వినడం.

అప్పుడు కెప్టెన్ చూసింది. వదిన మెడలో నీలం తాడుకి కట్టిన విజిలు వేలాడుతోంది. నీలం అంటే పాల డెయిరీ వాళ్ళ రంగు. ఫైనల్లో అవతలి జట్టు అదే. ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు.

"అదేంటి వదినా?"

"నిన్న సాయంత్రం ఇచ్చారు. కోచింగ్ చెయ్యమని మూడుసార్లు ఇంటికొచ్చి అడిగితే మూడుసార్లూ వద్దన్నాను. నేనున్నాననుకుని నా మూలకి బంతులు వేసే జట్టుని ఓడించడం ఏం గొప్పే? గురువారం ఆ రెండు ట్రేలు చూశాక నేనే కబురు పంపాను. ఇప్పుడు మీరు నేను లేని జట్టు. ఇప్పుడైతే సరదాగా ఉంటుంది. మన ఫ్యాక్టరీ మేనేజరుకీ చెప్పాను, మీ అన్నయ్యకీ చెప్పాను. ఆయన మాత్రం ఎవరి పక్క కూర్చోవాలో తెలీక అన్నం మానేశాడు."

పెద్దాయన చేతిలోంచి నీళ్ళ సీసా జారింది, ఏ పక్కకి పడిందో ఎవరూ చూడలేదు.

"వారం రోజులు మేడ మీద మా వాటాకి కబుర్లకి రాకు" అంది వదిన, మరదలి చెంప మీద తడిసిన జుట్టు చెవి వెనక్కి తోస్తూ. "మాకు మాటలుంటాయి. అన్నట్టు, డెయిరీలో ఒక పిల్లుంది. పందొమ్మిదేళ్ళు. ఎడమచేతి వాటం."

కర్ర సర్దుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నా మూల ఖాళీగా ఉండదులే."